తమ్ముడు బిగించిన ట్యాపు

జూన్ 9

ట్రాక్టరు పోయింది.

అదే రోజు, మధ్యాహ్నం

పొద్దున ఆ రెండు మాటలు రాసి పెన్ను కింద పడేశాను. ఇప్పుడు మళ్ళీ తీశాను. డాక్టరు చెప్పాడు కదా, కోపం వచ్చినప్పుడు అరవొద్దు, కాగితం మీద రాసుకో, బీపీ దిగుతుంది అని. విత్తనాల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన ఈ డైరీ జనవరి నుంచీ అలమరలో ఖాళీగా పడి ఉంది. దీనికీ ఒక రోజు వచ్చింది.

పళ్ళు తోముకుంటూ షెడ్డు వైపు వెళ్ళాను. కల్టివేటరు ఉంది. గోతాలు ఉన్నాయి. ఎలుకలు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. ట్రాక్టరు నిలబెట్టే చోట మాత్రం నేల మీద నల్లటి నూనె మరక, దాని పక్కన నిన్న నేను తాగి పెట్టిన టీ గ్లాసు. నోట్లో నురగతో అలాగే ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఆవిడ వచ్చి, "ఎవరైనా అడిగి తీసుకెళ్ళారేమో, గుర్తు తెచ్చుకోండి" అంది.

"అడిగితే నేను ఇస్తానా?" అన్నాను.

"అదీ నిజమే" అంది.

కుక్క రాత్రంతా మొరిగింది. అది ఆకు కదిలినా మొరుగుతుంది, గిన్నె పడినా మొరుగుతుంది, అన్నం పెట్టే మనిషిని చూసి కూడా మొరుగుతుంది. అందుకే ఎవరం లేవలేదు. తెల్లవారుజామున పడ్డ జల్లుకి చక్రాల గుర్తులు కూడా తుడిచిపెట్టుకుపోయాయి.

తాళం చెవి మేకుకే వేలాడుతోంది. ఈ పాత బండికి తాళం అన్నది మర్యాద కోసమే, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పినా తిరుగుతుంది. అసలు తాళం డీజిల్ పైపుకి చాటుగా పెట్టిన ట్యాపు, అది కట్టేస్తే ఇంజనుకి డీజిల్ రాదు. నాకు అంతుబట్టనిది అదొక్కటే. నిన్న సాయంత్రం నేనే కట్టేశాను. కట్టేసినట్టు నాకు బాగా గుర్తు. మరి బండి ఎలా స్టార్టయింది?

నేల మంచి పదును మీద ఉంది. ఈ నెలాఖరు లోపు దున్ని మొక్కజొన్న గింజ వెయ్యకపోతే ఈ ఏడాదికి చేను బీడే. ఊళ్ళో ఉన్న ట్రాక్టర్లన్నీ ఎవరి పొలంలో వాళ్ళవి దిగి ఉన్నాయి. అడిగినా ఎవరిస్తారు?

జూన్ 10

స్టేషన్‌కి వెళ్ళాను. ఆవరణలో పట్టుకొచ్చిన మోటారు సైకిళ్ళు, రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి మీదుగా తీగ పాకింది. ట్రాక్టరు సీటు కింద ఏదో పిట్ట గూడు పెట్టుకుంది. దొంగలెత్తుకెళ్ళిన బండేనట, దొరికిందట, కేసు తేలేదాకా ఇక్కడే ఉండాలట. సొంతదారు మొదట్లో వచ్చి చూసి వెళ్ళేవాడట, ఇప్పుడు రావడం మానేశాడట.

ఎస్సైగారు లేరు, బందోబస్తుకి వెళ్ళారు. హెడ్ కానిస్టేబులు ఉన్నాడు. ఊళ్ళో అందరూ హెడ్డుగారు అంటారు. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటూ నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఎప్పుడు పోయింది?"

"మొన్న రాత్రి సార్."

"ఎన్నింటికి?"

"అది తెలిస్తే పోనిస్తానా సార్?"

"కోపం వద్దయ్యా. దొంగ మీ షెడ్డులోంచి తీసుకెళ్ళాడా, గేటు బయట నుంచి తీసుకెళ్ళాడా?"

"ఎక్కణ్ణుంచి తీసుకెళితే ఏంటి సార్, పోయింది కదా?"

"అది కాదు. మీ షెడ్డు మా స్టేషన్ కిందికి వస్తుంది. మీ గేటు ముందున్న కాలువ దాటితే అవతలి స్టేషన్ వాళ్ళది. ఇప్పుడు బండి ఎక్కడుంది అనుకోవాలి?"

బండి ఎక్కడుందో తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను నాయనా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అది ఇక్కడ రాస్తున్నాను.

ఫొటో అడిగాడు. మా ఆవిడ వచ్చేటప్పుడు చొక్కా జేబులో పెట్టింది. ఉన్నది అదొక్కటే, బండి కొన్న రోజు తీసింది. నేను ఇంజను మీద చెయ్యి వేసి పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాను. సీటు మీద కూర్చుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నది వాడు.

"సీటు మీద ఎవరు?"

"మా తమ్ముడు."

"కలిసే ఉంటారా?"

"లేదు సార్. విడిపోయి రెండేళ్ళయింది."

"మాటలున్నాయా?"

"లేవు."

ఫొటో చూశాడు, నన్ను చూశాడు, ఫొటోని బల్ల మీది అద్దం కిందికి తోశాడు. ఇంత చెప్పినా ఒక్క ముక్క రాసుకోలేదు.

జూన్ 11

హెడ్డుగారు వచ్చాడు. షెడ్డు పొడవూ వెడల్పూ అడుగులు వేసి కొలిచాడు. పోయింది షెడ్డు కాదు సార్ అన్నాను. టీ తాగాడు. కుక్క ఆయన ఉన్నంతసేపూ మొరిగింది. "ఇది మొరగదా?" అని అడిగాడు, దాని అరుపుల మధ్యలోంచే.

"ఈపాటికి చాలా దూరం పోయుంటుందయ్యా. ముక్కలు ముక్కలుగా విప్పి అమ్మేసుంటారు. ఆశ పెట్టుకోకు" అని చెప్పి బండెక్కాడు. నేను నిన్నంతా ఎదురుచూసింది ఈ మాట కోసమా?

పరామర్శకి ఊరంతా వచ్చింది. గొడవలున్నవాళ్ళు కూడా వచ్చారు. ఆఖరికి నా గట్టు కొట్టేసుకున్న పక్క పొలం ఆయన కూడా వచ్చి, "అయ్యో" అని వెళ్ళాడు. రాని వాడు ఒక్కడే. నేనేం వాడి కోసం చూడలేదు.

జూన్ 12

ఎవరూ రాలేదు. ఫోను లేదు. నేనే చేస్తే ఎస్సైగారు బందోబస్తులో ఉన్నారన్నారు. ఈ భూమ్మీద ఇంత బందోబస్తు ఎక్కడ జరుగుతోందో ఎవరైనా చెబితే నా ట్రాక్టరు అక్కడే పెట్టుకునేవాణ్ణి.

జూన్ 13

పోలీసులు చెయ్యని పని నేనే చేద్దామని బయల్దేరాను. మలుపులో ఎరువుల కొట్టుకి కెమెరా ఉంది, రోడ్డు వైపే చూస్తూ ఉంటుంది. బండి పోయిన రాత్రి బొమ్మ చూపించవయ్యా అన్నాను. కొట్టాయన అటూ ఇటూ చూసి, నన్ను గోతాల వెనక్కి తీసుకెళ్ళి, చెవిలో చెప్పాడు.

"అది ఉత్త డబ్బా అన్నా. లోపలేం లేదు. దొంగలు చూసి భయపడతారని పెట్టా."

"నువ్వు భయపడకుండా ఉండటానికి పెట్టుకున్నావు" అన్నాను.

"ఎవరికీ చెప్పకన్నా" అన్నాడు. చెప్పను. దొంగలకి మాత్రం ముందే తెలిసే ఉంటుంది.

సాయంత్రం పాలవాడు చెప్పాడు. తమ్ముడు రోజూ తెల్లారకముందే సైకిలేసుకుని కాలువ గట్టు మీద తిరుగుతున్నాడట. వంతెన దాకా ఒక రోజు, తూము దాకా ఒక రోజు. కళ్ళు నేలకేసి, ఏదో పోగొట్టుకున్నవాడిలా. వాడి తోట ఇటు, కాలువ అటు. ఆ వేళప్పుడు అక్కడ వాడికేం పని?

జూన్ 14

వాడి మీద నాకు అనుమానం లేదు.

అదే రోజు, సాయంత్రం

నిజంగానే లేదు. ఊరికే ఆలోచిస్తున్నాను, అంతే.

ఆ ట్యాపు బిగించింది వాడు. కలిసి ఉన్నప్పుడు, ఎక్కడో ఎవరిదో బండి పోయిందని విని, ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ పైపుని మధ్యలో కోసి, టూల్ బాక్సు వెనకాల చెయ్యి దూర్చితే తప్ప తగలని చోట ఇంకో ట్యాపు పెట్టాడు. అది కట్టేస్తే డీజిల్ రాదు. డీజిల్ రాకపోతే బండి కదలదు. ఆ ట్యాపు సంగతి తెలిసింది ముగ్గురికి. నాకు, మా ఆవిడకి, వాడికి. నేను దొంగని కాను. మా ఆవిడకి క్లచ్ ఏదో తెలియదు.

ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. ఎవరు ఆలోచించినా ఇక్కడికే వస్తారు.

వాడికి ఆ బండి అంటే ప్రాణం. పంపకాల్లో అది నా వాటాకి వచ్చింది. బావీ తోటా వాడికి వెళ్ళాయి. పెద్దమనుషులు కూర్చుని చెప్పిన పంపకమే, నేను అడిగి తీసుకున్నది కాదు. ఆ రోజు వాడు ఒక్క మాట అనలేదు. తువ్వాలుతో సీటు తుడిచాడు. తాళం చెవి నాకివ్వకుండా మా ఆవిడ చేతిలో పెట్టి, ఆమెతో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఎదురుపడితే పక్క వీధిలోకి తిరుగుతాడు. తిట్టినా బాగుండేది.

వాడు తియ్యడు. కానీ ట్యాపు?

జూన్ 15

చెప్పేశాను.

మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎస్సైగారు వచ్చి, నన్ను చూడకుండానే జీపెక్కి వెళ్ళిపోయారు. హెడ్డుగారు బయటికొచ్చి, "నువ్వేనా? ఏం పోయిందన్నావు, మోటారా?" అన్నాడు. ట్రాక్టరు సార్! మీ అద్దం కిందే ఉంది ఫొటో! అని అరిచాను. సెంట్రీ లేచి నిలబడ్డాడు.

"అరవకయ్యా. ఎవరి మీదైనా అనుమానం ఉందా? ఉంటే చెప్పు, పని సులువవుతుంది. అనుమానం లేని కేసు గాలిలో దీపమే మాకు."

అప్పుడు నా నోరు నా మాట వినలేదు. మా తమ్ముడు అన్నాను. ట్యాపు సంగతి చెప్పాను. సైకిల్ సంగతి చెప్పాను. ఇంటి గుర్తులు కూడా చెప్పాను, నీళ్ళ ట్యాంకు దాటాక ఎడమ వైపు, ఆకుపచ్చ తలుపు అని. హెడ్డుగారు తల ఊపాడు. "సరే. చూస్తాను" అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు ఆ వరుసలోని బళ్ళని చూశాను. ఎండకి సీట్లు పగిలిపోయి ఉన్నాయి.

పేరే కదా చెప్పాను, దొంగ అనలేదు. అడిగారు కాబట్టి చెప్పాను. తప్పు లేకపోతే వాడికి భయమెందుకు?

జూన్ 16

మా ఆవిడకి చెప్పలేదు. "అన్నం ఎందుకు కెలుకుతున్నారు?" అంది. కడుపులో బాగాలేదన్నాను.

వీధిలో మోటారు సైకిలు చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వస్తున్నాను. ఒకసారి పాలవాడు, ఒకసారి గ్యాసు బండి, ఒకసారి ఎవరో కొత్త అల్లుడు. ఈ ఊళ్ళో ఇన్ని మోటారు సైకిళ్ళు ఉన్నాయని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. వాణ్ణి స్టేషన్‌కి తీసుకెళితే బెంచీ మీద కూర్చోబెడతారో, కింద కూర్చోబెడతారో. వాడికి ఎవరితోనూ గట్టిగా మాట్లాడటం రాదు. చిన్నప్పుడు మాస్టారు కొడితే వాడి బదులు నేను వెళ్ళి గొడవపడేవాణ్ణి. నా నోరే వాడి నోరు అనేది అమ్మ.

ఆరు రోజులు కదలని పోలీసులు ఈ ఒక్క విషయంలో కదలకుండా ఉంటే బాగుండు.

జూన్ 17

ఆకుపచ్చ తలుపు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. ఊరికే. సైకిలు లేదు.

జూన్ 18

ముందు ఇది రాయాలి. దొరికింది. ట్రాక్టరు దొరికింది. షెడ్డులో ఉంది. ఇప్పుడే వెళ్ళి ముట్టుకుని వచ్చాను.

పొద్దున గడ్డం చేసుకుంటున్నాను. పెరటి తలుపు దగ్గర గొంతు వినిపించింది. రెండేళ్ళుగా ఈ ఇంట్లో వినిపించని గొంతు.

"వదినా, అన్నయ్యని రమ్మను. డబ్బాలో డీజిలూ, స్పానర్ల సంచీ తెమ్మను."

"ఎక్కడికి?" అంది మా ఆవిడ.

"ఇటుకల బట్టీకి. బండి అక్కడుంది."

సగం గడ్డంతోనే వెళ్ళాను. వాడు సైకిలు మీద ముందు, నేను డబ్బా పట్టుకుని వెనక నడక. కాలువ దాటాక చెరుకు తోట వెనక ఆ బట్టీ. వానాకాలం ఎవరూ ఉండరు, కాపలావాడు కూడా ఊరెళ్ళిపోతాడు. గేటుకి తాళం వేలాడుతోంది కానీ అది చూడటానికే, గొలుసు తెగి ఉంది. లోపల ఇటుకల వరుసల మధ్య నీలం పట్టా కప్పి నా బండి. పట్టా ఎత్తగానే ఇటుకల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఇక్కడ రాయడానికి సిగ్గేముంది, వచ్చింది.

వాడు నన్ను చూడనట్టు ఇంజను దగ్గరికి వెళ్ళి టూల్ బాక్సు వెనక చెయ్యి పెట్టాడు. "కట్టేసే ఉంది" అన్నాడు.

"కట్టేస్తే స్టార్టు కాదు కదరా?" రెండేళ్ళ తర్వాత వాడితో నేను అన్న మొదటి మాట ఇది.

"ఎవరు చెప్పారు? పైపులో ఉన్నదీ ఫిల్టర్లో ఉన్నదీ అయిపోయేదాకా నడుస్తుంది. బిగించిన రోజే చెప్పాను, నువ్వు వింటేగా. షెడ్డులోనే స్టార్టవకపోతే దొంగ తీరిగ్గా కూర్చుని ట్యాపు వెతుక్కుంటాడు. బయటికొచ్చాక నడిరోడ్డు మీద ఆగిపోతే వాడికి కంగారు. ఎందుకాగిందో తెలీదు, తోసుకెళ్ళి ఎక్కడో దాచి పోతాడు. లారీ తెచ్చుకుందామనుకునుంటారు."

అప్పుడు అర్థమైంది నాకు. సైకిలూ, కాలువ గట్టూ, నేలకేసిన కళ్ళూ.

"మొదటి రోజు నుంచీ వెతుకుతున్నావా?"

"ఎంత దూరం పోతుందో తెలుసు. ఏ దిక్కుకి పోయిందో తెలీదుగా. ముందు రోడ్డు వైపే చూశాను. ఈ బట్టీకి తాళం ఉందనుకుని రెండుసార్లు బయట నుంచే వెళ్ళిపోయాను."

"నాతో చెప్పొచ్చు కదరా."

"ఏమని? దొరికాక చెబుదామనుకున్నా. దొరక్కపోతే ఏం మొహం పెట్టుకుని రాను?"

ట్యాపు తెరిచి, డీజిల్ పోసి, పైపులో చేరిన గాలి తియ్యడం మొదలుపెట్టాము. వాడు ఫిల్టరు నట్టు వదులు చేశాడు, నేను పంపు కొట్టాను. నురగ, నురగ, తర్వాత బుడగలు, తర్వాత తేట డీజిల్. "చాలు" అన్నాడు. ఏ స్పానరు కావాలో వాడు అడగలేదు, నేనూ చూడలేదు, చేతులకి పాత అలవాటు. రెండోసారికే పట్టుకుంది ఇంజను. ఆ పొగ పీల్చి దగ్గుతూ ఇద్దరం నవ్వాము.

"నువ్వు ట్యాపు కట్టడం మంచిదైంది అన్నయ్యా. కట్టకపోయుంటే దక్కేది కాదు."

"నేను మర్చిపోతానా?" అన్నాను.

సీటు మీద వాణ్ణి కూర్చోమన్నాను. కాసేపు అలాగే నిలబడి, తువ్వాలుతో సీటు తుడిచి ఎక్కాడు. నేను సైకిలు తొక్కుకుంటూ బండి వెనకాలే వచ్చాను. సగం గడ్డం చూసి ఊళ్ళో జనం ఏమనుకున్నారో అనవసరం.

అదే రోజు, సాయంత్రం

భోజనాల దగ్గర మా ఆవిడతో గొప్పలు పోయాను, ట్యాపు కట్టింది నేను కాబట్టి సరిపోయింది అని. ఆమె గరిటె కింద పెట్టింది.

"మీరా? మీరెప్పుడు కట్టారు? వేరుపడ్డ రోజు మీ తమ్ముడు తాళం నా చేతిలో పెట్టి ఏం చెప్పాడో తెలుసా? 'వదినా, అన్నయ్య మర్చిపోతాడు, సాయంత్రం నువ్వొకసారి చెయ్యి పెట్టి చూడు' అన్నాడు. ఈ రెండేళ్ళూ రోజూ నేనే కడుతున్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే ఒప్పుకుంటారా?"

తొమ్మిదో తారీఖున నేను రాసింది వెనక్కి తిప్పి చదివాను. కట్టేసినట్టు నాకు బాగా గుర్తు అట. కొట్టేయబోయి ఆగాను. ఉండనీ.

ఇంతలో గుర్తొచ్చింది. పేరు. వాడి పేరు స్టేషన్లో ఉంది. ట్రాక్టరు ఎలా దొరికిందని అడిగితే వాడే చూపించాడని చెప్పాలి. ట్యాపు సంగతి తెలిసినవాడు, రోజూ ఆ చుట్టుపక్కలే తిరిగినవాడు, చివరికి దాచిన చోటికి నేరుగా తీసుకెళ్ళినవాడు. నేను చెప్పిన దానికి ఇప్పుడు రుజువులు కూడా వాడే తెచ్చి ఇచ్చినట్టయింది.

అప్పుడు మా ఆవిడకి చెప్పాను. ఆమె తిట్టలేదు. "పొద్దున్నే వెళ్ళండి" అని మాత్రం అంది. నా కంచంలో పెరుగు వెయ్యకుండానే లేచి వెళ్ళిపోయింది.

జూన్ 19

స్టేషన్ తలుపులు తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. హెడ్డుగారు వచ్చాడు. కొత్త చెప్పులు.

"దొరికింది సార్."

"దొరికిందా? చూశావా, నేను చెప్పలా?"

మీరు చెప్పింది ముక్కలు చేసి అమ్మేసుంటారని. కానీ నేను నోరు మూసుకున్నాను. నేను వచ్చిన పని వేరు.

"సార్, ఆ రోజు నేనొక పేరు చెప్పాను."

"ఏ పేరు?"

"మా తమ్ముడి పేరు. అది తీసెయ్యాలి సార్. వాడే వెతికి పట్టాడు బండిని. కోపంలో అన్నాను, కాళ్ళు పట్టుకుంటాను, అది ఉండకూడదు."

హెడ్డుగారు కుర్చీలో కూర్చుని ఫ్యాను వేసుకున్నాడు.

"రాస్తే కదయ్యా తీసెయ్యడానికి?"

"రాయలేదా?"

"అన్నదమ్ముల పేర్లు చెప్పిన రోజే రాసుకుంటే ఈ చుట్టుపక్కల సగంమంది లోపలుంటారు, సగంమంది బయట నిలబడి ఏడుస్తుంటారు. వారం ఆగుతాను. మళ్ళీ వచ్చి అదే పేరు చెబితే అప్పుడు రాస్తాను. ఎవరూ చెప్పరు. వస్తారు, నీలాగే, మొహం వేలాడేసుకుని."

బెంచీ మీద కూలబడ్డాను. పది రోజులు నన్ను కాళ్ళరిగేలా తిప్పింది ఈయన బద్ధకమే, మా తమ్ముణ్ణి ఇంట్లోనే ఉంచిందీ ఇదే. ఈయన్ని తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. రెండూ చెయ్యకుండా నీళ్ళు అడిగి తాగాను.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"ఇటుకల బట్టీలో."

"అది అవతలి స్టేషన్ వాళ్ళది. వాళ్ళకి చెప్పాలి, వాళ్ళొచ్చి బండి తీసుకెళతారు, కేసు తేలేదాకా వాళ్ళ ఆవరణలో ఉంటుంది. మా ఆవరణ చూశావుగా, వాళ్ళది ఇంకా చిన్నది, బయట రోడ్డు మీద పెడతారు."

"సార్, నాకు గింజ వెయ్యాలి!"

"తెలుసయ్యా. అందుకే ఒక మాట చెబుతాను. దొంగతనమే జరగలేదని రాసిద్దాం. మీ తమ్ముడు నీకు చెప్పకుండా పని కోసం తీసుకెళ్ళాడు, పని అయ్యాక తెచ్చి ఇచ్చాడు, ఇంటి గొడవ, సర్దుకున్నారు. కింద సంతకం పెట్టు, బండి నీ షెడ్డులోనే ఉంటుంది. ఇంటి మనిషేగా, ఎవరూ ఏమీ అడగరు."

పెన్ను కూడా చేతికిచ్చాడు. ఆ రోజు అరుస్తూ చెప్పిన పేరు రాయనివాడు ఇప్పుడు చల్లగా రాయమంటున్నాడు. రాస్తే అయిపోతుంది. సాయంత్రానికి దుక్కి మొదలుపెట్టొచ్చు. చెప్పకుండా తీసుకెళ్ళాడు. ఆ మాట ఆ కాగితం మీద ఎప్పటికీ ఉండిపోతుంది. సీటు తుడిచి దిగిపోయిన రోజు నుంచి ఆ బండి మీద చెయ్యి కూడా వెయ్యని వాడి గురించి.

"వద్దు సార్. నేనే మర్చిపోయానని రాసుకోండి."

"ఏం మర్చిపోయావు?"

"బండిని. నేనే తీసుకెళ్ళి బట్టీలో పెట్టాను. పెట్టి మర్చిపోయాను."

"ట్రాక్టరునా?"

"అవును సార్. బీపీ మందులు వేసుకుంటున్నాను, వాటికి మతిమరుపు వస్తోంది."

హెడ్డుగారు నవ్వాడు. సెంట్రీని పిలిచి చెప్పాడు, వాడూ నవ్వాడు. లోపల గదిలోంచి ఇంకొకాయన వచ్చి, "గొడుగు మర్చిపోయినవాళ్ళని చూశాం గానీ..." అన్నాడు. అందరి ముందూ తల వంచుకుని సంతకం పెట్టాను. అద్దం కింద నుంచి ఫొటో తీసి హెడ్డుగారే నా జేబులో పెట్టాడు. అంతసేపు నవ్వినవాడు ఆ ఒక్కసారి నవ్వలేదు. "వెళ్ళు, గింజ వేసుకో" అన్నాడు.

దొంగలు మాత్రం ఎక్కడో హాయిగా ఉన్నారు. వాళ్ళ కోసం ఎవరూ వెతకరు, నా కేసు ఇప్పుడు మతిమరుపు కేసు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. కానీ దారంతా ఎందుకో నవ్వొస్తూనే ఉంది.

జూన్ 20

ఊరంతా తెలిసిపోయింది. ఎరువుల కొట్టాయన, "అన్నా, చెప్పులేసుకునే వచ్చావా, చూసుకో" అన్నాడు. ఆయన కెమెరా సంగతి నోటిదాకా వచ్చింది. మాటిచ్చాను కదా, ఆగాను.

జూన్ 22

గింజ పడింది.

నిన్న దున్నాము, ఇవాళ వేశాము. బండి తోలింది తమ్ముడే. నేను వెనక నడుస్తూ గింజ డబ్బా చూసుకున్నాను. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని అన్నాలు తింటుంటే వాడు అడిగాడు.

"ట్రాక్టరు మర్చిపోయావటగా?"

"ఊ."

"ఎందుకలా రాసిచ్చావు అన్నయ్యా? ఊరంతా నవ్వుతోంది. నేను తీసుకెళ్ళానని రాసినా పోయేదిగా."

ఇక దాచడం నా వల్ల కాలేదు. చెప్పాను. పదిహేనో తారీఖున వాడి పేరు చెప్పానని, ఇంటి గుర్తులతో సహా చెప్పానని, హెడ్డుగారు రాయకపోవడం మన అదృష్టమని. చెబుతూ వాడి మొహం చూడలేకపోయాను, బండి చక్రాన్నే చూశాను.

వాడు ముద్ద కలపడం ఆపాడు. మళ్ళీ రెండేళ్ళు మాట్లాడడేమో అనుకున్నాను.

"ఆకుపచ్చ తలుపు అని కూడా చెప్పావా?"

"చెప్పాను."

"నీలం వేసి ఏడాదయింది. నువ్వు మా వీధిలోకి వస్తే కదా తెలిసేది."

పదిహేడో తారీఖున వాడి గుమ్మం ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. సైకిలు లేదని చూశాను గానీ తలుపు చూడలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"ఒరే, నన్ను తిట్టరా" అన్నాను.

"తిడతాను ఉండు, అన్నం తిననీ." ఇంకో ముద్ద తిని, నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అప్పుడు అన్నాడు. "నా సైకిలు పోయుంటే నేను మొదట నీ పేరే చెప్పేవాణ్ణి."

ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాను. వాడూ నవ్వాడు, ఫొటోలోలాగా, పళ్ళన్నీ బయటపెట్టి. రేపు వాడి తోటలో దున్నాలి. బండి ఇక రెండిళ్ళదీ. పెద్దమనుషులు ఏమైనా అనుకోనీ.

చీకటి పడ్డాక షెడ్డులోకి వెళ్ళాను. ఈ రోజైనా నేనే కట్టాలని టూల్ బాక్సు వెనక చెయ్యి పెట్టాను. అప్పటికే కట్టేసి ఉంది. వాడు కట్టాడో, మా ఆవిడ కట్టిందో అడగలేదు. కుక్క నన్ను చూసి మొరిగింది.